పాతయింటిపై మేడ వేయించువారికి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరములందు ఖాళీస్థల మరుదు. కొడుకు పెండ్లియై కోడలు వచ్చినప్పుడు పాతయింటిపై మఱియొక యంతస్తు వేయుదమను నాలోచనయే ముందుగా దోచును. "మంచి మేస్త్రీ యెవరైన నున్నారా?" యని సోదరీమణులు మమ్ము తఱచుగ నడుగుచుందురు. మేస్త్రీకంటె ముందు వెదకవలసినవాడు వేఱొకడు గలడు; ఆతడు కట్టడము బలమును పరీక్షించు స్ట్రక్చరల్ ఇంజనీరు.

ఈ పేటలలోని పాతయిండ్లు కొన్ని సున్నముతో కట్టిన రాతిగోడలపై, ఇనుపదూలములు వేసి బండలు పఱచినవి. వానికి స్తంభము లుండవు, భారమంతయు గోడలదే. గది విశాలమగునని యెప్పుడో నడిమిగోడ తీయించిన యిండ్లును లేకపోలేదు. పైగా హుస్సేన్‌సాగరపు మిగులునీటి నాలా ఈ ప్రక్కగనే పాఱుచున్నది. 2000 ఆగస్టు వఱదలలో దాని యొడ్డు పేటలు మునిగినవి. అట్టిచోట పునాది ప్రక్క గొయ్యి త్రవ్వించి చూడక, "ఏమీ కాదమ్మా, ఇంకో రెండంతస్తులు మోస్తుంది" అను మేస్త్రీమాటను నమ్మి బంగారము కుదువబెట్టుట తగదు.

2020 నాటి తెలంగాణ భవనానుమతుల చట్టము స్వీయధ్రువీకరణ పద్ధతిని దెచ్చినది. చిన్నయిండ్లకు అనుమతి త్వరగా వచ్చును. కాని వ్రాసియిచ్చినదానికి బాధ్యత యజమానిదే. అతిక్రమించినచో నోటీసు లేకయే కూల్చు నధికారము గలదు. ఇల్లు స్త్రీపేర నున్నచో ఆ సంతకము మనదే గదా!

ఇక మేస్త్రీ. తెల్లవాఱునప్పటికి కూడళ్ల అడ్డాలలో పాలమూరు కూలీలును, బిహారు, ఒడిశాలనుండి వచ్చినవారును దొరకుదురు. ఒకనాటి మరమ్మతునకు వారు చాలుదురు. స్లాబునకట్లు గాదు, సెంట్రింగువారు, ఇనుము కట్టువారు, తాపీవారు కలసి పనిచేసి యలవాటైన జట్టు కావలెను. 1998లో మన నగరమున నెలకొల్పిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో శిక్షణ పొందినవా రున్నచో మఱియు మేలు. మేస్త్రీ చూపించు క్రొత్తయింటిని చూచి మురియకుడు. రంగు అన్నిటిని గప్పును. మూడు వానకాలములు గడచిన యింటిని చూపుమని, ఆ యింటి యిల్లాలినే యడుగుడు: కప్పు కాఱుచున్నదా, స్నానపుగది గోడ చెమర్చుచున్నదా, పని నడుమ మేస్త్రీ యెన్నాళ్లు కనబడకపోయెను?

చదరపుటడుగున కింతయని బేరమాడునప్పుడు మెట్లు, పిట్టగోడ, నీటిసంపు, సెంట్రింగు అందులో జేరినవో లేవో కాగితముపై వ్రాయించుడు. తగవులన్నియు నిచ్చటనే పుట్టును. పైకము పని సాగినకొలదియే యీయవలెను.

స్లాబు పోసిన తేదీని తలుపుపై సుద్దతో వ్రాయుడు. మామూలు సిమెంటైన కనీస మేడుదినములు, బూడిద కలిసిన పీపీసీ సిమెంటైన పదిదినములు నీరు నిలుపవలెను. వేఱొకచోట పనికి గావలెనని సెంట్రింగు కఱ్ఱలను తొందరగా నూడదీయుదురు. స్లాబు గోడకు గోడకు నడుమ నాలుగున్నర మీటర్లు, అనగా సుమారు పదునైదడుగులు, మించనిచో 7 దినములు, మించినచో 14 దినములు ఆ కఱ్ఱలను ముట్టనీయరాదు.