బ్యాటరీ లేకుండా ఎల్‌ఈడీ వెలిగిద్దామా!

ఈసీఈ, ఈఈఈ విద్యార్థుల రెజ్యూమెల్లో ప్రాజెక్టు లేనిది దాదాపు కనిపించదు. కానీ ఇంటర్వ్యూలో ‘ఇందులో మీరు చేసిందేంటి?’ అనగానే చాలామంది తడబడతారు. రెడీమేడ్‌గా కొన్న కిట్ ఎందుకు పనిచేస్తోందో తెలియకపోతే అంతే మరి. దీనికి విరుగుడుగా పెద్ద ప్రాజెక్టే చేయనక్కర్లేదు. ఒక చిన్న ఎల్‌ఈడీ, కాస్త రాగితీగ చాలు!

ఏమేం కావాలి?

ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోన్, ఎర్ర ఎల్‌ఈడీ, 47 పీకోఫారడ్ సిరామిక్ కెపాసిటర్, మోటార్ వైండింగ్ షాపులో దొరికే సన్నటి ఎనామిల్ తీగ. తీగను 4 సెం.మీ. వెడల్పుతో గుండ్రంగా 5 చుట్లు చుట్టండి. రెండు కొసల్లోనూ పూతను బ్లేడుతో గీకేయండి. అది మిగిలిపోతే లైటు వెలగదు. ఆ కొసలకు ఎల్‌ఈడీని, కెపాసిటర్‌ని ప్యారలల్‌గా కలపండి. ఫోన్లో ఎన్‌ఎఫ్‌సీ ఆన్ చేసి, స్క్రీన్ అన్‌లాక్ చేసి, కాయిల్‌ని ఫోన్ వెనకవైపు మెల్లగా జరపండి. ఒకచోట ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటుంది.

అసలేం జరుగుతోంది?

ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఫోన్ లోపలి కాయిల్ పుట్టించే అయస్కాంత క్షేత్రం మీ కాయిల్‌లో వోల్టేజీని తెస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ సూత్రమే ఇది! మీ కాయిల్ ఇండక్టెన్స్ సుమారు 2.8 మైక్రోహెన్రీలు. 47 పీకోఫారడ్‌తో కలిస్తే రెజొనెన్స్ 13.9 మెగాహెర్ట్జ్ దగ్గరికి వస్తుంది. ఎల్‌ఈడీకి ఉండే కొద్దిపాటి కెపాసిటెన్స్ దాన్ని ఇంకాస్త కిందికి లాగుతుంది. అందుకే ఒక చుట్టు అటూఇటూ మార్చి చూడాలి.

మరి లైటు నిలకడగా ఎందుకు వెలగదు? బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ‘కార్డేమైనా దగ్గరుందా?’ అని ఆగి ఆగి వెతుకుతుంది. ఆ వెతుకులాటే మీకు మినుకుగా కనిపిస్తుంది.

వెలిగాకే అసలు పని

ఒక నోట్‌బుక్ తీసి ఇవి రాసుకోండి.

* 4, 5, 6 చుట్లతో విడివిడిగా ప్రయత్నించండి. ఫోన్‌కి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో లైటు ఆరిపోతోంది?
* ఎర్ర ఎల్‌ఈడీ తీసి తెల్లది పెట్టండి. ఎర్రదానికి సుమారు 1.8 వోల్టులు చాలు, తెల్లదానికి 3 వోల్టుల దాకా కావాలి. దూరం ఎంత తగ్గింది?
* కాయిల్‌ని ఫోన్‌కి నిలువుగా తిప్పండి. లైటు ఎందుకు ఆరిపోయింది?
* మధ్యలో వంటింటి అల్యూమినియం ఫాయిల్ పెట్టండి. ఏమైంది?

రెజొనెన్స్, ఫార్వర్డ్ వోల్టేజీ, ఫ్లక్స్, ఎడ్డీ కరెంట్స్... పరీక్ష కోసం బట్టీపట్టిన నాలుగు పాఠాలూ ఇక్కడ కళ్లముందే కనిపిస్తాయి.

ఉద్యోగానికి ఎలా ఉపయోగం?

తాకించి చెల్లించే బ్యాంకు కార్డులోనూ ఇలాంటి కాయిలే ఉంటుంది. ఎల్‌ఈడీ స్థానంలో చిప్ ఉంటుంది, అంతే తేడా. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌కీ బ్యాటరీ ఉండదు. అయితే అది 865-867 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది కాబట్టి కొన్ని మీటర్ల దూరం నుంచే రీడర్‌కి అందుతుంది. ఈ తేడాని సొంత మాటల్లో చెప్పగలిగితే ఎంబెడెడ్, ఆర్‌ఎఫ్ టెస్టింగ్, హార్డ్‌వేర్ వ్యాలిడేషన్ ఇంటర్వ్యూల్లో సంభాషణ మీ చేతుల్లోకి వస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఇది సిగ్నల్‌ని అందుకునే సర్క్యూట్ మాత్రమే. ఆసక్తి పెరిగింది కదా అని మొబైల్ జామర్ల జోలికి వెళ్లకండి, అది చట్టవిరుద్ధం.

రెజ్యూమెలో ‘ఎన్‌ఎఫ్‌సీ ప్రాజెక్ట్ చేశాను’ అని రాసి వదిలేయొద్దు. ‘చుట్ల సంఖ్య మార్చుతూ లైటు వెలిగే దూరాన్ని కొలిచాను’ అని రాయండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు కాయిల్, నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకోండి. అడిగితే టేబుల్ మీదే వెలిగించి చూపించొచ్చు.