బిడ్డ గుండె కోలుకునే దినములలో



కేతేపల్లి వంటి గ్రామములలో పసిబిడ్డ గుండెలో రంధ్రముందని తెలిస్తే, ఆపరేషన్ ఖర్చే తల్లిదండ్రులకు మొదటి భయము. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్‌తో సహా 3 జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభమై, ఆ భారమును చాలామందికి తేలిక చేసింది. అయితే బిడ్డతో ఇంటికి వచ్చిన తరువాతి రాత్రులను ఏ పథకమూ మోయదు.

కోసిన రొమ్ము ఎముక అతుక్కొనుటకు సుమారు 6 నుండి 8 వారములు పడుతుంది. అంతవరకు బిడ్డను చంకల క్రింద పట్టి లేపకండి. ఒక చెయ్యి వీపు వెనుక, ఒక చెయ్యి పిరుదుల క్రింద పెట్టి ఎత్తండి. రాత్రులు ఉలిక్కిపడి ఏడ్చినా, అమ్మను వదలకపోయినా కంగారుపడకండి, కొన్నాళ్లకు తగ్గుతుంది. జ్వరము, గాయములో చీము, ఆయాసము, పెదవులు నీలముగా మారుట కనిపిస్తే మాత్రం ప్రార్థిస్తూనే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మరి తల్లి సంగతి ఏమిటి? “నా పాపమే బిడ్డకు తగిలిందా?” అని కుమిలిపోతుంది. యోహాను 9లో పుట్టుగ్రుడ్డివాని గూర్చి శిష్యులు అదే అడిగారు. ప్రభువు వానినిగాని, కన్నవారినిగాని నిందించలేదు. 1 రాజులు 19లో చావు కోరుకొని బదరీవృక్షము క్రింద పండుకొనిన ఏలీయాను దేవుడు గద్దించలేదు. దూతచేత రొట్టె, నీళ్లు ఇప్పించి మరల నిద్రపోనిచ్చాడు. అలసట అవిశ్వాసము కాదు.

తల్లిదండ్రులారా, వంతులు వేసుకొని నిద్రపోండి. సంఘస్థులారా, ఆ ఇంటికి ఒక పూట అన్నము తీసుకొని వెళ్లండి. జలుబు, దగ్గు లేనివారు ఒక గంట బిడ్డ దగ్గర కూర్చోండి. ఆ తల్లికి దేవుడు పంపే దూత మీరే కావచ్చును. ఆమేన్.