కుండీకి నీళ్ళు ఎప్పుడు పోయాలి?



"రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నానండీ, అయినా మా ఇంట్లో ఏ మొక్కా బతకదు" అని చాలామంది వాపోతుంటారు. జబ్బేమిటో ఆ మాటలోనే ఉంది. పెరట్లో పోసిన నీళ్ళు ఎక్కువైతే నేలలో ఇంకిపోతాయి. కుండీలో ఆ వీలు లేదు. వేళ్ళకూ గాలి కావాలి గదా! మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే అవి ఊపిరాడక కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు, పైన ఆకు వాడిపోతుంది. దాహమేమోనని మనం ఇంకో చెంబెడు పోస్తాం!

అందుకని కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి. చిల్లు మీద పెంకుముక్క బోర్లించి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి నింపండి. నీళ్ళు పోసేముందు వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూటకు మానేయండి. పొడిగా ఉంటే అడుగునుంచి కారేదాకా పోయండి. ఎండాకాలంలో డాబామీది కుండీలకు రోజూ కావలసి రావచ్చు. ముసురు పట్టిన రోజుల్లో అసలు అక్కర్లేదు.

ఇక ఏం వేసుకోవాలన్నది మీ ఇంటికి వచ్చే ఎండను బట్టి ఉంటుంది. ఎండ కాస్త తక్కువగా వచ్చే చోటైతే మెంతికూర, తోటకూర, పుదీనా వేయండి. పాత ప్లాస్టిక్ బేసినుకు చిల్లులు పెట్టి తోటకూర విత్తనాలు ఇసుకతో కలిపి చల్లితే, నాలుగైదు వారాల్లో కూరకు వస్తుంది. వంగ, మిరప, టమాటాలకు మాత్రం ఆరు గంటల ఎండ, అడుగు లోతు కుండీ ఉండాలి. ఎండ చాలకపోతే ఆకు పెరుగుతుందే గాని కాయ నిలవదు. పూలలో బంతి, మల్లె ఎండ కోరేవి. కనకాంబరం కొంచెం నీడైనా ఓర్చుకుంటుంది. చలికాలంలో మల్లెకు కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎరువు వేస్తే వేసవికి విరగబూస్తుంది.

తీరిక లేనివారికి మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు ఉండనే ఉన్నాయి. వీటిని మరచిపోయినా పెద్దగా అలగవు. అయితే మనీప్లాంటు ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో అందకుండా పెట్టండి.

మనీప్లాంటును సీసాలో పెంచేవారికి మరో మాట. డెంగీ దోమ మురుగునీటి కోసం వెతకదు. మన సీసాలో, కుండీకింది పళ్ళెంలో నిలిచిన తేటనీళ్ళే దానికి ఇష్టం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కనుక వారానికోసారి ఆ నీళ్ళు పారబోసి, సీసా లోపలి గోడలు రుద్ది కడగండి. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, ఉత్తినే తొలిపితే పోవు సుమండీ!

నిలవ నీరు మొక్క వేరుకూ చేటే, ఇంట్లో పిల్లలకూ చేటే. ఈ సాయంత్రం చెంబు పట్టుకునేముందు ఒక్కసారి మట్టిలో వేలు పెట్టి చూడండి.