గుక్కెడు మందు.. బోలెడు లెక్క!

పశువును కొనేవాళ్లు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. తర్వాత నడుం మీద చెయ్యేసి కండ చూస్తారు. పశువుల సంతలకు పేరుపడ్డ నారాయణవలస, అలమండల్లోనైనా, ఊళ్లో ఇంటి ముందు బేరమైనా తంతు అదే. మేక కంటి కింది రెప్పను కాస్త కిందికి లాగి చూడాలన్న ఆలోచన మాత్రం చాలామందికి రాదు. రెప్ప లోపల ఎర్రగా ఉంటే సరే. తెల్లకాగితంలా పాలిపోయిందా.. ఆ మేక తిన్న మేత మేకకు కాదు, దాని కడుపులోని నట్టలకు చేరుతోందన్నమాట!

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నాలుగు మేకలంటే నాలుగు కష్టాలకు విరుగుడు. పిల్లాడి ఫీజుకో, నాట్ల కూలికో, ఆస్పత్రి ఖర్చుకో ఒక పోతును సంతకు తోలాల్సిందే. ఆ పోతు వానాకాలంలో దవడ కింద నీరు దిగి పడిపోతే పోయేది మేక ఒక్కటే కాదు.

చుక్క చుక్కగా..

మేకలకూ గొర్రెలకూ పెద్ద శత్రువు హీమాంకస్ అనే ఏలిక పాము. ఎరుపు, తెలుపు దారాలు పేనినట్టుంటుంది. పొడవు ఇంచుమించు అంగుళం. పొట్టలోని నాలుగో అరలో కాపురం పెట్టి రోజుకు 0.05 మిల్లీలీటరు రక్తం తాగుతుంది. ఓస్ అంతేనా అనుకోవద్దు. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు.. ఓ చిన్న టీ కప్పు! ఇరవై కిలోల మేక ఒంట్లో ఉండే రక్తమే లీటరున్నర లోపు. పైగా ఒక్కో ఆడ పురుగు రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయటపడి, వానల తడికీ వెచ్చదనానికీ వారం, పది రోజుల్లో పిల్ల పురుగులై గడ్డి పోచలెక్కి కూర్చుంటాయి. ఆ గడ్డి మేసిన మేక కడుపులో కథ మళ్లీ మొదలు.

ఆవులూ గేదెల బాధ ఇంకో రకం. వంశధార, నాగావళి నీళ్లు పారే మడులు, ఊరూరా చెరువులు.. పంటకెంత మేలో నత్తకూ అంత మేలు. కార్జపు జలగ పిల్లలు పెరిగేది ఆ నీటి నత్తల్లోనే. అక్కడి నుంచి బయటపడి నీటి అంచున గడ్డిని అంటుకుంటాయి. వానలు తగ్గి చెరువు నీరు వెనక్కి పోతుంటే అంచున పచ్చిక నవనవలాడుతుంది. మిగతా చోట్ల మేత ఎండిన వేళ పశువు అటే నడుస్తుంది. కొన్నాళ్లకు పాలు తగ్గుతాయి, ఒళ్లు చిక్కుతుంది, దవడ కింద వాపొస్తుంది.

ఏ పురుగుకు ఏ మందు?

గోదాములో ఉన్న సీసా ఏదైతే అది, గొంతులో పోసెయ్యడమే చాలాచోట్ల నడిచే వైద్యం. చిక్కంతా అక్కడే. ఫెన్‌బెండజోల్ ఏలిక పాముల మీద బాగా పనిచేస్తుంది కానీ, మామూలు మోతాదులో కార్జపు జలగను ఏమీ చెయ్యలేదు. జలగకు ఆక్సిక్లోజనైడ్, ట్రైక్లాబెండజోల్ లాంటివి కావాలి. ఆల్బెండజోల్ మోతాదు పెంచితే ముదిరిన జలగను పట్టుకుంటుంది, లేతదాన్ని వదిలేస్తుంది. చూడి కట్టిన తొలి నెలన్నరలో దాన్ని పోయకూడదు కూడా. పిండానికి ముప్పు.

గేదె దూడల సంగతి మరీ తమాషా. తల్లి పాలతోనే ఏలిక పాములు దూడకు చేరతాయి! అందుకే పుట్టిన పది, పదిహేను రోజులకే పిపరజీన్ లాంటి మందు పట్టించమని, ఆ తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకోసారి చూసుకోమని డాక్టర్లు చెబుతారు. దూడ బొజ్జ పెరిగితే పాలు బాగా తాగుతోందని మురిసిపోవడం మన అలవాటు!

ఇక మోతాదు. మేకను గొర్రెతో కలిపి ఒకే లెక్కన పోస్తారు. కానీ మేక ఒంట్లో ఈ మందులు త్వరగా కరిగిపోతాయి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రకాలైతే గొర్రె మోతాదుకు దాదాపు రెట్టింపు కావాలి. లెవామిసోల్ అయితే ఒకటిన్నర రెట్లు చాలు, అంతకు మించితే విషమవుతుంది. కాబట్టి ఆ లెక్క డాక్టరు చేతే వేయించుకోవాలి. బరువు కంటితో అంచనా వేస్తే తప్పుతుంది. గోనెసంచిలో కూర్చోబెట్టి వేలాడే కాటాకు తగిలిస్తే సరి.

పోసేటప్పుడు సీసా బాగా ఊపాలి, మందు అడుగున పేరుకుంటుంది. మూతి మరీ పైకెత్తినా, నాలుక లాగి పట్టుకున్నా మందు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. దవడ పక్క నుంచి గొట్టం పెట్టి, మింగుతూ ఉండగా మెల్లగా పోయాలి. మందు పోశాక ఎన్నాళ్లు పాలు వాడకూడదో లేబుల్ మీద ఉంటుంది. దాన్నీ చదవాలి మరి.

ఇంట్లోనూ అదే మందు!

ఏటా ఫిబ్రవరి 10న బడిలో పిల్లల చేత చప్పరింపజేసే మాత్ర కూడా ఆల్బెండజోలే. జాతీయ నులిపురుగుల నివారణ దినం 2015లో మొదలైంది. బోదకాలు నివారణకు ఇచ్చే డీఈసీ మందు వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన అది 1947లో వెలుగు చూసింది. తర్వాత పశువుల ఊపిరితిత్తుల పురుగులకూ వాడారు. పశువులకు, మనుషులకు పనికొచ్చే ఐవర్‌మెక్టిన్‌కు బాట వేసిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ దక్కింది.

అయితే కొత్త మందులు పెద్దగా రావడం లేదు. ఉన్నవాటికేమో పురుగులు అలవాటు పడుతున్నాయి. థయాబెండజోల్ 1961లో వచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే, 1964లో, గొర్రెల్లో దానికి లొంగని హీమాంకస్ కనిపించింది. మనదేశంలో 1970ల్లోనే అలాంటి పురుగుల్ని గుర్తించారు. తక్కువ మోతాదు పోస్తే మొండివి మిగిలి, వాటి సంతానమే మందంతా నిండుతుంది. ఒకే మందును ఏళ్లతరబడి వాడినా అంతే.

అందరికీ వద్దు!

మరి దారి? దక్షిణాఫ్రికా పశువైద్యులు 1990ల్లో ఫమాచా అనే రంగుల అట్ట తయారుచేశారు. కంటి రెప్ప లోపలి రంగును ఐదు మెట్లుగా పోల్చి, పాలిపోయిన జీవాలకే మందు పోయాలి. ఒక మందలో ఎక్కువ పురుగుల్ని మోసేది కొద్ది మేకలే. మిగతావాటిని వదిలేస్తే వాటిలోని మందుకు లొంగే పురుగులు బతికి, మొండివాటికి పోటీగా నిలుస్తాయి. మంద మొత్తానికి ఒకేసారి పోయడం సులువే కానీ, ఏడాదికి నాలుగైదుసార్లు అలా చేసుకుంటూ పోవడం మాత్రం తెలివైన పని కాదు. రెప్ప చూడటం రక్తం తాగే పురుగులకే పనికొస్తుంది. పారుడుకూ జలగకూ పేడ పరీక్షే దిక్కు. తాజా పేడ, నాలుగు పెంటికలు పొట్లం కట్టి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే గుడ్లను బట్టి ఏ పురుగో చెబుతారు. మందు పోసిన పది, పద్నాలుగు రోజులకు మళ్లీ చూపిస్తే అది పనిచేసిందో లేదో కూడా తేలిపోతుంది.

ఏ తేదీన, ఏ మందు, ఏ జీవానికి, ఎంత పోశారో రాసుకుంటే వచ్చేసారి డాక్టరుకు సగం పని తప్పుతుంది. పుస్తకమే అక్కర్లేదు.. సాల గోడ మీద బొగ్గుతో రాసినా చాలు.