హ్యాండిల్ మీది ఫోను, సీటు కింది బ్యాటరీ

హైదరాబాదు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఆగిన ద్విచక్ర వాహనాల్లో చాలావాటికి హ్యాండిల్‌కో, అద్దం కాడకో ఫోను బిగించి ఉంటుంది. భోజనం పొట్లాలు చేరవేసేవాళ్ళు, బైక్ టాక్సీ నడిపేవాళ్ళు, తెల్లవారకముందే కృష్ణానగర్ నుంచి షూటింగుకు బయలుదేరే సహాయ దర్శకులు, ప్రొడక్షన్ వాళ్ళు, అందరికీ అదే ఆధారం. ఇది సోకు కాదు, ఆ నేల తీరే అంత. రాతిగుట్టలను చుట్టుకుంటూ వేసిన రోడ్లలో తిన్నగా పోయేవి తక్కువ. 36వ నంబరు రోడ్డు మీద పోతూ మలుపు తిరిగితే 45వ నంబరు రోడ్డు వస్తుంది. 10వ నంబరు రోడ్డు జూబ్లీహిల్స్‌లో ఒకటుంది, పక్కనే బంజారాహిల్స్‌లో మరొకటుంది. ఫిలింనగర్ లోపలి వీధుల్లో ఎత్తయిన ప్రహరీలు, మూసిన గేట్లు. దారి అడుగుదామంటే వాచ్‌మన్ తప్ప మనిషి కనిపించడు. అలాంటిచోట రోజంతా తిరిగి పొట్టపోసుకునేవాడికి హెడ్‌లైటు ఎంత అవసరమో, మ్యాపు కనిపించడమూ అంతే అవసరం. కాబట్టి ఫోనును హెడ్‌లైటంత పద్ధతిగానే అమర్చాలి. దాని కరెంటు బండి వైరింగులో భాగం కావాలి. కానీ ఇప్పుడు దాన్ని చాలామంది ఒక తగిలింపు సామానుగానే చూస్తున్నారు. చవక స్టాండొకటి, బ్యాటరీ నుంచి నేరుగా లాగిన సన్నటి వైరొకటి, రెండు చుట్ల టేపు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

లెక్క చూద్దాం. ఫోనుకు కావలసింది 5 వోల్టులు, బండిలో ఉన్నది 12. మధ్యలో ఉండే చిన్న ఛార్జరు ఆ 12ను 5కు దించుతుంది. ఎండలో తెర పూర్తి వెలుగులో ఉండి, జీపీఎస్, డేటా రెండూ నడుస్తుంటే ఛార్జింగు నిలబడాలంటే 2 ఆంపియర్లు, అంటే 10 వాట్లు ఇవ్వగల ఛార్జరు కావాలి. మధ్యలో పోయే నష్టం కలుపుకుంటే బ్యాటరీ నుంచి దాదాపు ఒక ఆంపియరు లాగుతుంది. 100 సీసీ బళ్ళలో చాలావాటి బ్యాటరీ 3 నుంచి 5 ఆంపియర్ అవర్ల లోపే. ఇంజను ఆపి హోటలు ముందు ఆర్డరు కోసం ఎదురుచూస్తూ ఫోను ఛార్జింగులో ఉంచితే 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు గంటల్లో ఖాళీ అవుతుంది. సెల్ఫ్ అంతకంటే ముందే మొరాయిస్తుంది. ఫోను తీసేసినా ప్రమాదం పోదు. నేరుగా బ్యాటరీకి కలిపిన ఛార్జరు తన చిన్న దీపం కోసం, లోపలి సర్క్యూటు కోసం ఎప్పుడూ కొంత తాగుతూనే ఉంటుంది. అది పది మిల్లీ ఆంపియర్లే అనుకున్నా, జ్వరంతో రెండు వారాలు బండి తీయకపోతే అదే బ్యాటరీ అడుగంటుతుంది. మందు చాలా సులువు. ఛార్జరు వైరును కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే లైనుకు కలపాలి. ఒక ఆంపియరు లోడుకు చాలా బళ్ళలో హారన్ లైనే సరిపోతుంది, రిలే అనే అదనపు స్విచ్చు అక్కర్లేదు.

ఇంతకంటే ముఖ్యమైనది ఫ్యూజు. ఫ్యూజు ఫోనును కాపాడటానికి అనుకుంటారు గానీ అది కాపాడేది వైరును. ఎంత చిన్న బ్యాటరీ అయినా షార్టయితే ఒక్కసారిగా పదుల ఆంపియర్లు తోస్తుంది. సన్నటి వైరు కాలి, పైతొడుగు కరిగిపోతుంది. ఆ వైరు పోయేది పెట్రోలు ట్యాంకు కిందుగా. అది ఒరుసుకుపోయే చోటు కూడా తెలిసిందే: హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర. జూబ్లీహిల్స్ మలుపుల్లో హ్యాండిల్ రోజుకు ఎన్ని వందల సార్లు తిరుగుతుందో ఊహించవచ్చు. అందుకే వైరు మొదలయ్యే చోటనే రెండు మూడు ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి, మెడ దగ్గర స్లీవ్ తొడగాలి, హ్యాండిల్‌ను ఇటు చివరిదాకా అటు చివరిదాకా తిప్పినా బిగుసుకోనంత వదులు ఉంచాలి.

స్టాండు సంగతికి వస్తే, శత్రువు అదురు. ఒకే సిలిండరు ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగితే బండి సెకనుకు వంద సార్లు అదురుతుంది. పొడుగాటి అద్దం కాడ చివర ఆ అదురు మరీ ఎక్కువ. హ్యాండిల్ మధ్యలో, బిగింపుకు దగ్గరగా తక్కువ. శక్తిమంతమైన మోటారు సైకిళ్ళ అదురు వల్ల ఐఫోన్ కెమెరాల్లోని స్థిరీకరణ వ్యవస్థ దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించి, చిన్న ఇంజను బళ్ళ మీదైతే అదురును పీల్చుకునే స్టాండు వాడమంది. పొట్లం గుమ్మం ముందు పెట్టి ఫొటో తీసి పంపాల్సిన కుర్రాడికి కెమెరా కూడా పనిముట్టే. ఇక ఎండ. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని దాని తయారీదారే చెబుతుంటే, హైదరాబాదు వేసవి 40 దాటుతుంది. వేడెక్కిన ఫోను తనంతట తానే ఛార్జింగు ఆపుకుంటుంది. తప్పు ఛార్జరుదనుకుని జనం దాన్ని మార్చేస్తారు. వానకోసం తొడిగే ప్లాస్టిక్ సంచీని ఎండలో తీసేయాలి.

ఇన్ని తిప్పలెందుకు, జేబులో పవర్‌బ్యాంకు చాలదా అనవచ్చు. అప్పుడప్పుడు దూరం పోయేవాళ్ళకు అది చాలు. పన్నెండు గంటలు తిరిగేవాడికి దాన్ని మళ్ళీ నింపడం ఇంకో పని. పైగా జేబు నుంచి హ్యాండిల్‌కు వేలాడే తీగ పడిపోయే క్షణంలో మనిషిని బండికి కట్టేస్తుంది. ఫోను జేబులోనే పెట్టుకుని అది దారి చెప్పే మాట వింటే కళ్ళు రోడ్డు మీదే ఉంటాయి కదా అనే అభ్యంతరం గట్టిది. కానీ హారన్ల హోరులో ఆ మాట వినాలంటే ఇయర్‌ఫోన్లతో చెవులు మూసుకోవాలి, అప్పుడు వెనుక వచ్చే బస్సు వినిపించదు. పైగా 45వ నంబరు రోడ్డు ఫ్లైఓవర్ దగ్గర ఉపగ్రహాలే తడబడతాయి. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఆ సంకేతాలు అడ్డంగా చూపినంత కచ్చితంగా ఎత్తును చూపలేవు, వంతెన మీదున్నామా కిందున్నామా అన్నది తేల్చలేవు. తప్పుగా పైకెక్కితే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటి అవతలి గట్టున తేలతాం. ర్యాంపు రాకముందే ఒక్క చూపులో దారి కనిపించాలి. చట్టమూ దీన్ని ఒప్పుకుంది. ఏకాగ్రత చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోను వాడవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధన చెబుతోంది. చేత్తో పట్టుకుని నడపడం ఆ కోవలోకి రాదు.

మిగిలింది ఖర్చు. ఫ్యూజు, మంచి ఛార్జరు, స్టాండు, మెకానిక్కు కూలీ కలిపితే ఒక రోజు సంపాదన పోతుందని నడిపేవాళ్ళు వెనకాడటం న్యాయమే. అందుకే ఆ ఖర్చు వాళ్ళది కాకూడదు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇలా యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. అది ప్రమాదం జరిగాక కుటుంబాన్ని ఆదుకునే ఏర్పాటు. జరగకముందు చేయగలిగింది వాళ్ళతో పని చేయించుకునే డెలివరీ, బైక్ టాక్సీ కంపెనీల చేతిలో ఉంది. స్ప్లెండర్ ప్లస్ ఎక్స్‌టెక్ వంటి బళ్ళకు 2022 నుంచే యూఎస్‌బీ ఛార్జరు తయారీలోనే వస్తోంది. అయినా రోడ్డు మీదున్న పాత బళ్ళ సంఖ్య పెద్దది. కొత్తవాణ్ణి చేర్చుకునేటప్పుడు లైసెన్సు, ఆర్సీ ఎలాగూ చూస్తారు. అప్పుడే బండి దగ్గరకు వెళ్ళి ఫ్యూజు ఉందా, కీ తీస్తే ఛార్జరు దీపం ఆరుతోందా, హ్యాండిల్ తిప్పితే వైరు లాగుతోందా అని చూసి, లేనిదాన్ని కంపెనీ డబ్బుతో పెట్టించి రోడ్డు మీదికి పంపాలి.