శ్రవణ నాడికి విద్యుత్ సంకేతం: కాక్లియర్ ఇంప్లాంట్ పనిచేసే తీరు

నాడీ ప్రచోదనం తంతువు వెంట ఎలా ప్రయాణిస్తుందో గత భాగంలో చదివారు. ఆ ప్రచోదనాన్ని బయటి నుంచి విద్యుత్తుతో పుట్టించవచ్చా? పుట్టించవచ్చు. కాక్లియర్ ఇంప్లాంట్ చేసే పని అదే.

మామూలు వినికిడిలో ధ్వని తరంగాలు కర్ణభేరిని కదిలిస్తాయి. ఆ కదలిక మూడు చిన్న ఎముకల ద్వారా నత్తగుల్ల ఆకారంలోని కర్ణావర్తానికి చేరుతుంది. అక్కడి రోమకణాలు దానిని విద్యుత్ సంకేతంగా మార్చి శ్రవణ నాడికి అందిస్తాయి. పుట్టుకతో వచ్చే తీవ్రమైన చెవుడులో చాలాసార్లు దెబ్బతినేది రోమకణాలే. నాడి బాగానే ఉంటుంది. అటువంటప్పుడు ధ్వనిని పెంచే మామూలు వినికిడి యంత్రం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. రోమకణాలను దాటి నేరుగా నాడినే ప్రేరేపించాలి.

ఈ పరికరంలో రెండు భాగాలున్నాయి. చెవి వెనుక ధరించే బయటి భాగంలో మైక్రోఫోను, ధ్వనిని పౌనఃపున్యాలవారీగా విడదీసే ప్రాసెసర్ ఉంటాయి. శస్త్రచికిత్సతో అమర్చే లోపలి భాగంలో రిసీవర్, కర్ణావర్తంలోకి చొప్పించిన ఎలక్ట్రోడుల వరుస ఉంటాయి. సంకేతం రేడియో తరంగాలుగా చర్మాన్ని దాటుతుంది.

ఎలక్ట్రోడులను వరుసగా ఎందుకు పేర్చాలి? కర్ణావర్తం మొదట్లో హెచ్చు పౌనఃపున్యాలు, లోపలికి పోయేకొద్దీ తక్కువ పౌనఃపున్యాలు గుర్తింపబడతాయి. హార్మోనియం మెట్ల మాదిరిగా, ఏ చోట ప్రేరేపిస్తే ఆ స్థాయి స్వరం వినిపిస్తుంది. మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం 1978లో అమర్చిన బహుళ ఎలక్ట్రోడుల పరికరానికి ఆధారం ఈ సూత్రమే.

అయితే శ్రవణ నాడిలో సుమారు 30,000 తంతువులుంటే, నేటి పరికరాల్లో సాధారణంగా 12 నుంచి 22 ఎలక్ట్రోడులే ఉంటాయి. పైగా కర్ణావర్తంలోని ద్రవంలో విద్యుత్తు పక్కలకు వ్యాపించి, పక్కపక్క సంకేతాలు కలిసిపోతాయి. అందువల్ల మాట అర్థమైనంత బాగా సంగీతం వినిపించదు.

ఈ కొత్త సంకేతాలకు అర్థం చెప్పుకోవలసింది మెదడే. శస్త్రచికిత్స తర్వాత నెలల తరబడి వినికిడి, మాటల శిక్షణ అవసరం. శైశవంలో మెదడు భాషను సులువుగా పట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద ఈ చికిత్సను చిన్నపిల్లలకు అందించడానికి కారణం ఇదే. పిలిస్తే పలకని బిడ్డను చూసి "మాటలు అవే వస్తాయిలే" అని ఎవరైనా అంటే, వెంటనే వినికిడి పరీక్ష చేయించమని చెప్పండి. అక్కడ పోయేది కాలం మాత్రమే కాదు, భాష కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: శ్రవణ నాడి అసలు ఏర్పడని శిశువుకు ఈ పరికరం ఉపయోగపడుతుందా? కారణం రాయండి.