సల్సాకు శ్రీకారం.. అడుగు కంటే ముందు లెక్క

సల్సా నృత్యం పేరు వినగానే మెరుపు వేగంతో గిరగిరా తిరిగే జంటలు, తళుకుల దుస్తులు, కళ్లు చెదిరే విన్యాసాలే చాలామందికి గుర్తుకొస్తాయి. టీవీ పోటీల్లోను, సినిమా పాటల్లోను కనిపించే ఆ దృశ్యాల కారణంగా ‘ఇది మనవల్ల అయ్యే పని కాదు’ అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. వాస్తవానికి సల్సా వేదికల కోసం పుట్టిన నృత్యం కాదు. వాడల్లో, వేడుకల్లో, వారాంతపు విందుల్లో సామాన్యులు ఆడుకున్న ఆట అది. నడవగలిగి, ఎనిమిది వరకు లెక్కపెట్టగలిగిన వారెవరైనా దీనిని ప్రారంభించవచ్చు. అయితే ఆ ఎనిమిదిలో రెండుచోట్ల ఆగడం తెలియాలి. కొత్తవారు తడబడేది సరిగ్గా అక్కడే.

చదువుల కోసం, ఉద్యోగాల కోసం పల్లెల నుంచి హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాలకు వెళ్తున్న యువతకు, అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరుతున్న విద్యార్థులకు సల్సా తరగతులు తారసపడడం నేడు సాధారణమే. స్నేహితులు రమ్మని పిలిచినా అడుగు తప్పుతుందేమోనన్న భయం, పరిచయం లేనివారి చేయి పట్టుకోవాలన్న బిడియం, ఇంట్లోవారు ఏమనుకుంటారోనన్న సంకోచం వారిని గుమ్మం దగ్గరే ఆపేస్తుంటాయి. మొదటిది సాధనతో, రెండోది మర్యాద తెలుసుకోవడంతో, మూడోది అవగాహనతో తొలగిపోయేవే.

క్యూబాలో వేరు.. న్యూయార్క్‌లో పేరు

స్పానిష్ భాషలో ‘సల్సా’ అంటే వంటకాల్లో వాడే సాస్ అని అర్థం. పలు దినుసులు కలిస్తేనే దానికి రుచి. ఈ సంగీతమూ అటువంటి కలయికే. క్యూబా తూర్పు ప్రాంతంలో పుట్టిన ‘సోన్’ అనే జానపద సంగీతం దీనికి మూలం. బానిసలుగా తరలించబడిన ఆఫ్రికన్ల దరువులు, స్పెయిన్ నుంచి వచ్చిన గిటారు, పాటల బాణీలు అందులో కలిసిపోయాయి. 1959 నాటి క్యూబా విప్లవం అనంతరం, 1962లో అమెరికా విధించిన వాణిజ్య ఆంక్షలతో ఆ దేశం నుంచి సంగీతం రాక దాదాపు నిలిచిపోయింది. అప్పటికే న్యూయార్క్‌లో స్థిరపడిన ప్యూర్టోరికో, క్యూబా తదితర ప్రాంతాల కళాకారులు తమ పాత బాణీలకు జాజ్ పోకడలు జోడించి కొత్త సంగీతాన్ని రూపొందించారు. డొమినికన్ రిపబ్లిక్‌లో జన్మించిన జానీ పచేకో, న్యాయవాది జెర్రీ మసూచి కలిసి 1964లో స్థాపించిన ఫానియా రికార్డ్స్ సంస్థ ఈ పాటలకు విస్తృత ప్రచారం కల్పించింది. 1970వ దశకంలో ‘సల్సా’ అన్న పేరు స్థిరపడింది. క్యూబాలో పుట్టి అమెరికాలో జీవించిన గాయని సెలియా క్రూజ్ ‘సల్సా రాణి’గా ఖ్యాతి గడించారు.

పాదం ఆగినచోట డోలు పలుకుతుంది

సల్సాలో లెక్క ఎనిమిది. అందులో అడుగులు మాత్రం ఆరే. ఒకటి, రెండు, మూడు అని మూడు అడుగులు వేసి నాలుగు దగ్గర ఆగాలి. ఐదు, ఆరు, ఏడు అని మరో మూడు వేసి ఎనిమిది దగ్గర ఆగాలి. ఎనిమిది అక్షరాల ఆదితాళం వేసిన వారికి, కోలాటంలో లెక్క తప్పకుండా కర్ర కలిపిన వారికి ఈ గణితం కొత్తేమీ కాదు. చేతులతో చేసిన పనినే ఇక్కడ పాదాలతో చేయాలి.

విరామం అంటే సంగీతం ఆగిపోవడం కాదు. ఈ పాటల్లో ‘కాంగా’ అనే పొడవాటి డోలు తప్పనిసరిగా ఉంటుంది. నాలుగో లెక్క వద్ద, దానిని వెన్నంటి, ఎనిమిదో లెక్క వద్ద, దానిని వెన్నంటి ఈ డోలుపై ‘దుం-దుం’ అని రెండు గుండ్రని శబ్దాలు వినిపిస్తాయి. అంటే నర్తకుల పాదం నిలిచిన క్షణంలోనే డోలు పలుకుతుందన్నమాట. పాటలో లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలియక తికమకపడేవారికి ఇదే దారి చూపిస్తుంది. ఆ జంట శబ్దం ముగిసిన వెంటనే వచ్చేది ఒకటి గానీ, ఐదు గానీ అయివుంటుంది. తొలిరోజుల్లో ఆ రెండింటిలో ఏది పట్టుకున్నా కంగారు పడనవసరం లేదు. వినికిడి అలవాటైన కొద్దీ తేడా దానంతటదే తెలుస్తుంది.

పాటకు వెన్నెముక వంటిది ‘క్లావే’. కోలాటం కర్రలకంటే పొట్టిగా, లావుగా ఉండే రెండు చెక్క కడ్డీలవి. వాటిని ఒకదానితో ఒకటి తాడించి, ఎనిమిది లెక్కల్లో ఐదు దెబ్బలు వేస్తారు. ఒకటి, రెండుకూ మూడుకూ నడుమ, నాలుగు, ఆరు, ఏడు.. ఇది ఒక వరుస. కొన్ని పాటల్లో ఈ సగాలు తారుమారై ముందు రెండు, తర్వాత మూడు దెబ్బలు వస్తాయి. నోటితో లెక్క చెబుతూ ఈ వరుసను చప్పట్లతో వాయించగలిగితే సగం విద్య వచ్చినట్లే.

తొలి అడుగులు ఇలా..

జంటలో ఒకరు నడిపిస్తారు, మరొకరు అనుసరిస్తారు. సంప్రదాయంగా పురుషులు నడిపించడం, స్త్రీలు అనుసరించడం వాడుకలో ఉన్నప్పటికీ అది నియమం కాదు. ఎవరు ఏ పాత్రనైనా నేర్చుకోవచ్చు. రెండూ నేర్చినవారికి అవగాహన అధికం.

నడిపించేవారు ఒకటి అనగానే ఎడమ పాదం ముందుకు వేయాలి. రెండుకు కుడి పాదాన్ని ఉన్నచోటే ఎత్తి మోపాలి. మూడుకు ఎడమ పాదాన్ని వెనక్కి తెచ్చి కుడి పాదం సరసన చేర్చాలి. నాలుగు.. విరామం. ఐదుకు కుడి పాదం వెనక్కి, ఆరుకు ఎడమ పాదం ఉన్నచోటే, ఏడుకు కుడి పాదం తిరిగి స్వస్థానానికి. ఎనిమిది.. విరామం. అనుసరించేవారు దీనికి అద్దంలో ప్రతిబింబంలా చేయాలి. ఒకటికి కుడి పాదం వెనక్కి, ఐదుకు ఎడమ పాదం ముందుకు వేస్తే తక్కినది అదే వరుసలో సాగుతుంది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. అడుగు చిన్నదిగా ఉండాలి. పెద్ద అడుగు వేస్తే తిరిగి వచ్చేసరికి లెక్క దాటిపోతుంది. ప్రతి అడుగులోనూ శరీర భారం పూర్తిగా ఆ పాదం మీదికి మారాలి. భారం మారకుండా నేలను తాకి వదిలేస్తే తర్వాత ఏ కాలు కదపాలో తెలియక తడబడతారు. చూపు పాదాలపై కాక ఎదుట ఉండాలి. తల వంచితే భుజాలు వంగుతాయి, తూకం తప్పుతుంది. నడుము కదలిక గురించి తొలినాళ్లలో ఆలోచించనక్కరలేదు. మోకాళ్లు స్వల్పంగా వంచి భారం సక్రమంగా మార్చుకుంటే ఆ కదలిక తనంత తానే వస్తుంది.

ఇంటి వద్దనే నెల రోజుల సాధన

జోడీ దొరకలేదని ఆగిపోవలసిన పనిలేదు. రోజుకు పావుగంట చొప్పున నెల రోజులు ఒంటరిగా సాధన చేసినా బలమైన పునాది ఏర్పడుతుంది.

మొదటి వారం అడుగు వేయకుండా పాటలు వినాలి. కాంగా దెబ్బలను గుర్తిస్తూ ఎనిమిది లెక్కపెట్టాలి. వేగంగా సాగే పాటలకంటే నిదానంగా నడిచే క్యూబన్ సోన్ పాటలు ఆరంభంలో ఉపయుక్తం. 1997లో విడుదలైన ‘బ్యూనా విస్టా సోషల్ క్లబ్’ ఆల్బమ్‌లో ఇటువంటివి ఉన్నాయి. రెండో వారం పాట లేకుండా, నోటితో లెక్క చెబుతూ పైన పేర్కొన్న అడుగులు వేయాలి. మూడో వారం నిదానమైన పాటకు అవే అడుగులు వేస్తూ, ముందు వెనుకలకు బదులు పక్కలకు వేసే అడుగులనూ జోడించాలి. నాలుగో వారం నోటి లెక్క మాని మనసులోనే లెక్కించాలి. పక్కన ఎవరైనా పలకరించినా అడుగు తప్పని స్థితికి చేరితే తరగతిలో అడుగుపెట్టడానికి సిద్ధమైనట్లే. చాలామంది ఈ దశను దాటవేసి నేరుగా మెలికలు, తిరుగుళ్లు నేర్చుకోవాలని ఆరాటపడుతుంటారు. అక్షరాలు దిద్దకుండా పద్యం రాయబూనడం వంటిదే అది.

చేయి పట్టడంలో మర్యాద

సల్సా పట్ల మన కుటుంబాల్లో ఉన్న సంకోచానికి ప్రధాన కారణం స్పర్శ. అందుకే ఈ నృత్యంలోని కట్టుబాట్లను ముందుగా తెలుసుకోవడం ఇరువురికీ మేలు. కొత్తవారికి సాధారణంగా దూరంగా నిలబడి, చేతివేళ్లు మాత్రమే కలిపే పట్టునే నేర్పుతారు. దగ్గరి పట్టులో నడిపించేవారి కుడి చేయి ఎదుటివారి వీపుపై, భుజం ఎముక వద్ద ఉండాలి. అంతకు దిగువకు జారడం తగదు. నడిపించడమంటే లాగడం, తోయడం కాదు. తలుపు తీసి దారి చూపినట్లు చేతితో సూచన ఇవ్వడమే. ఎదుటివారి బొటనవేలిని బిగించి పట్టుకోరాదు. తిరిగేటప్పుడు మణికట్టు బెణికే ప్రమాదం ఉంది.

నృత్యానికి పిలిచినప్పుడు అంగీకరించడం, నిరాకరించడం ఎదుటివారి ఇష్టం. ‘వద్దండీ’ అంటే కారణం అడగకుండా చిరునవ్వుతో తప్పుకోవడమే సంస్కారం. పాట మధ్యలో ఇబ్బంది కలిగితే చేయి వదిలి వెళ్లిపోయే హక్కు ఇద్దరికీ సమానం. ముఖ్యంగా అమ్మాయిలు మొహమాటానికి పోయి అసౌకర్యాన్ని భరించవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. ఒక పాటకు కలిసి అడుగు వేయడం ఆ పాటతో ముగిసే విషయమేనని, దానికి వేరే అర్థం తీయరాదని అందరూ గుర్తెరగాలి. చెమట తుడుచుకునేందుకు చిన్న తువ్వాలు, మార్చుకునేందుకు మరో చొక్కా వెంట ఉంచుకోవడం, ఎదుటివారి అనుమతి లేనిదే ఫోన్‌లో చిత్రీకరించకపోవడం కూడా మర్యాదలో భాగమే.

శిక్షణ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు..

కేవలం కొత్తవారి కోసమే ప్రత్యేక బ్యాచ్ ఉన్నదీ లేనిదీ ముందుగా విచారించాలి. ఒక తరగతిని చూసిన తర్వాతే రుసుము చెల్లించడం ఉత్తమం. నెలల తరబడి సొమ్ము ముందే కట్టమని ఒత్తిడి చేసే చోట ఆచితూచి వ్యవహరించాలి. గురువు లెక్కను, భారం మార్పును వివరించి చెబుతున్నారా, లేక తాను ఆడి చూపి ఊరుకుంటున్నారా అన్నది గమనించాలి. తరగతుల్లో కొద్ది నిమిషాలకోసారి జోడీలను మార్చడం పరిపాటి. దీనివల్ల ఒకరి అలవాట్లకే పరిమితం కాకుండా అందరితో అడుగు కలపడం వస్తుంది. ఇష్టం లేనివారు మారకుండా ఉండేందుకు వీలు కల్పిస్తున్నారా, ఫిర్యాదు చేస్తే వినే పెద్దలున్నారా అన్నది తల్లిదండ్రులు సైతం అడిగి తెలుసుకోదగిన విషయం.

పాదరక్షల ఎంపికలోనూ జాగ్రత్త వహించాలి. నేలను గట్టిగా పట్టుకునే రబ్బరు అడుగున్న క్రీడా బూట్లతో తిరిగితే పాదం ఆగిపోయి, శరీరం తిరిగి మోకాలిపై భారం పడుతుంది. తోలు అడుగున్న నునుపైన బూట్లు మేలు. ఖరీదైన నృత్య పాదరక్షలు మొదట్లోనే కొనవలసిన అవసరం లేదు. మోకాళ్లు, నడుము, గుండెకు సంబంధించిన సమస్యలున్నవారు వైద్యుల సలహా పొందాకే ప్రారంభించాలి.

శైలులెన్నో.. మూలం ఒక్కటే

సల్సా అంతటా ఒకే తీరుగా ఉండదు. లాస్ ఏంజెలెస్ శైలిలో ఒకటో లెక్కకు, న్యూయార్క్ శైలిలో రెండో లెక్కకు దిశ మారుతుంది. రెండోదానిని బోధించదగిన పద్ధతిగా తీర్చి ప్రచారంలోకి తెచ్చిన గురువుల్లో ఎడ్డీ టోరెస్ ముఖ్యులు. క్యూబాలో ‘కాసినో’గా పిలిచే శైలిలో జంటలు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. పలు జంటలు వలయంగా నిలిచి, ఒకరు కేక వేసి చెప్పిన ప్రకారం జోడీలు మార్చుకుంటూ ఆడే ‘రువేదా’ చూస్తే మన కోలాటమే గుర్తుకొస్తుంది. కొలంబియాలోని కాలీ నగరం పాదాల వేగానికి పెట్టింది పేరు. ఏటా డిసెంబరు చివరి వారంలో అక్కడ జరిగే ఉత్సవంలో సల్సాదే అగ్రస్థానం. కొత్తవారు తమకు అందుబాటులో ఉన్న ఏదో ఒక శైలిని ఎంచుకుని, కనీసం కొన్ని నెలలు దానికే కట్టుబడి ఉండడం శ్రేయస్కరం.

ఏ శైలిలోనైనా తొలిపాఠం మాత్రం మారదు. వినాలి, లెక్కపెట్టాలి, ఆగవలసిన చోట ఆగాలి. పదిరకాల తిరుగుళ్లు తెలిసి లెక్క తప్పేవారికంటే, ఒక్క ప్రాథమిక అడుగునే తాళం తప్పకుండా వేస్తూ ఎదుటివారిని గౌరవంగా నడిపించేవారితోనే ఆడేందుకు ఎక్కువమంది ఇష్టపడతారు. వయసు, శరీరాకృతి, పూర్వానుభవం ఇందుకు అడ్డంకులు కావు. ఈ సాయంత్రం ఒక పాట పెట్టుకుని, ఆ రెండు డోలు దెబ్బల కోసం చెవి ఒగ్గితే సల్సాకు శ్రీకారం చుట్టినట్లే.